కదిలింది మీరా, పక్క రైలా?

కంఠేశ్వర్‌లో మీ ఇంటికి వచ్చిన చుట్టాన్ని రైలెక్కించడానికి నిజామాబాద్ స్టేషనుకు వెళ్ళారనుకోండి. పెట్టెలో ఆయన పక్కనే కూర్చుని కబుర్లలో పడ్డారు. ఉన్నట్టుండి రైలు కదిలినట్టయింది. గాభరాగా లేచారు. తీరా చూస్తే ప్లాట్‌ఫారం మీది టీ కొట్టు ఉన్నచోటే ఉంది. కదిలింది పక్క పట్టాల మీది రైలు!

ఇది మీ మతిమరుపు కాదు. మన కదలిక గురించి మెదడుకు చెప్పే ముఖ్యమైన సాక్షులు ఇద్దరు. ఒకటి కన్ను, రెండోది లోపలి చెవి. అక్కడ ద్రవంతో నిండిన మూడు వంపు గొట్టాలు తలను ఎటు తిప్పినా పసిగడతాయి. పక్కనున్న రెండు చిన్న సంచుల్లో సున్నపు రేణువులుంటాయి. ముందుకు, పక్కకు, పైకీ కిందికీ కదలికను చెప్పేవి అవే. ఈ అవయవం గుట్టు విప్పినందుకే రాబర్ట్ బరానీకి 1914 నోబెల్ బహుమతి లభించింది.

అయితే చెవి వేగం మారినప్పుడే నోరు విప్పుతుంది. రైలు మెల్లగా బయలుదేరినా, ఒకే వేగంతో సాగినా మౌనమే. అందుకే చెవి పలకకపోయినా మెదడు కంటి మాటే నమ్మేస్తుంది.

ఇప్పుడు బోధన్ బస్సెక్కండి. జానకంపేట, ఎడపల్లి దాటేలోగా సెల్‌ఫోనులో తల దూర్చిన పిల్లవాడికి వికారం మొదలవుతుంది. కన్ను కదలడం లేదంటుంది, చెవి కదులుతున్నామంటుంది. ఆ తగవే వాంతికి మూలం. ఫోను దాచి, వాణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టండి. 2015లో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీకి ఒకప్పుడు చెరకు పంపిన పొలాలివి. వెనక్కి పరుగెత్తే దగ్గరి చేలను కాక, ఎదుట దూరంగా ఉన్న రోడ్డును చూడమనండి. వాంతుల మాత్ర డాక్టరునడిగి, ప్రయాణానికి ముందే వేయాలి. మత్తునిచ్చే మాత్ర వేసుకుని బండి నడపకూడదు.

పెద్దవాళ్ళ సంగతి వేరు. వయసుతో లోపలి చెవి మందగిస్తుంది. పగలు ఆ లోటును కన్ను కప్పిపుచ్చుతుంది. చీకట్లో ఆ సాక్షీ ఉండదు. పాదాల స్పర్శ మూడో సాక్షి. చక్కెర వ్యాధి ముదిరితే అదీ మొద్దుబారుతుంది. కరెంటు పోయిన రాత్రి పెరట్లోకి వెళ్ళబోయి తుంటి విరగ్గొట్టుకున్న అవ్వలను ఎందరినో చూశాను.

తల తిరగడంతోపాటు మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒకటి రెండుగా కనిపించినా, నిలబడలేకపోయినా అది పక్షవాతం కావచ్చు. మాత్రల కోసం మందుల షాపుకు పరుగెత్తకండి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇక ఈ రాత్రే మీ అమ్మగారి మంచం నుంచి పెరటి గుమ్మం దాకా వెలుగుండేలా చూడండి. తలగడ పక్కన ఒక టార్చిలైటు పెట్టండి.