ఋక్షబిలంలో నలుగురం

మన పాత ఆటలను ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. పులి-మేకలో 3 పులులు, 15 మేకలు, 23 స్థానాలు. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు. ఎదుటివాని కాయను ఒక్కటైనా చంపితే గాని లోపలి గళ్ళలోకి అడుగు పెట్టనివ్వని నియమం. వైకుంఠపాళిలో పాము మింగేది నన్ను, నిచ్చెన ఎక్కేది నీవు. మా నల్లగొండ పల్లెల్లో అరుగుల మీద సుద్దతోనో బొగ్గుతోనో గీసుకొని ఆడినవన్నీ ఇట్టివే. ఒకరి గెలుపు మరొకరి ఓటమి. ఆడేవారందరూ ఒకే పక్షాన కూర్చునే ఆట కూడా ఉంటుందని అరవై దాటిన పిమ్మట గాని నాకు తెలియలేదు.

కిందటి సెలవులకు మా అబ్బాయి కుటుంబంతో అమెరికా నుండి వచ్చాడు. పన్నెండేళ్ళ మా మనవడు తన సూట్‌కేసులో సగం ఒక అట్టపెట్టెకే కేటాయించి తెచ్చాడు. ఆట పేరు ‘డిసెంట్: లెజెండ్స్ ఆఫ్ ది డార్క్’. ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ వారు 2021లో వెలువరించారు. పెట్టె విప్పితే 40 చిన్న బొమ్మలు, అట్టముక్కలతో నిలబెట్టే మెట్లు, తలుపులు, చెట్లు. వీటికి తోడు టాబ్లెట్‌లో ఒక ఆప్. నలుగురి దాకా ఆడవచ్చు. నేనూ, అబ్బాయీ, కోడలూ, మనవడూ నలుగురు వీరులమై చీకటి బిలాలలోకి దిగాము.

ఈ పేరుతో 2005లో వచ్చిన మొదటి ఆటలోను, 2012 నాటి రెండవ కూర్పులోను ఒకరు దుష్టనాయకుడై తక్కినవారిని ఎదిరించవలసి ఉండేది. 2016లో ఆ రెండవ కూర్పుకు ఒక ఆప్ వచ్చి ఆ పీఠం తాను ఎక్కింది. ఇప్పటి ఆటలో ఆప్ లేనిదే అడుగు పడదు. మా నలుగురి వంతులూ కాగానే ఏ రాక్షసుడు ఎటు కదలాలో, ఎవరిని కొట్టాలో అదే చెబుతుంది. పాచికలు మేమే వేస్తాము; ఫలితాన్ని దానికి విన్నవించుకుంటాము. ముందున్న దారిని అది ముక్క ముక్కగా చూపిస్తుంది.

బొమ్మలు నిలిపి కథ నడపటం మనకు కొత్తేమీ కాదు. చేర్యాల నకాషీ కళాకారులు చేసిన కొయ్యబొమ్మలను వరుసగా పేర్చి మందెచ్చులవారు గొల్లలకు కాటమరాజు కథ చెప్పేవారు. అయితే కథకుడికి ఎదుటివారి ముఖాలు కనిపిస్తాయి. ఎవరైనా కన్ను తుడుచుకుంటే ఆ ఘట్టాన్ని మరికొంత సాగదీస్తాడు. ఆప్‌కు మా పాచికల లెక్క తెలుసును గాని మా ముఖాలు తెలియవు.

ఆ లోటే నాకొక పీట వేసింది. ఆప్ చెప్పేదంతా ఆంగ్లం. మనవడు చదువుతాడు, నేను తెలుగులో పురాణం చెప్పినట్లు చెబుతాను. వాడితో నా సంభాషణ అంతకుముందు ఎంత అనుకున్నారు? ఆదివారం ఫోనులో “తిన్నావా తాతా”, “బాగున్న తాతా”. ఆపైన ఫోను తండ్రి చేతికి పోయేది. ముప్పైయేళ్ళకు పైగా ఊరి పిల్లలకు యతిప్రాసలు బోధించినవాణ్ణి. నా మూడోతరం నా మాటకు అర్థం తెలియక నవ్వి ఊరుకుంటే గుండెలో ఏదో కలుక్కుమనేది. ఎవరికీ చెప్పుకోలేదు.

ఈ ఆటలో ఒక చక్కని ఏర్పాటు ఉంది. మన శక్తిని వాడినప్పుడల్లా కార్డు మీద అలసట బిళ్ళలు పేరుకుంటాయి. ఒక పని ఖర్చుచేసి కార్డును తిప్పితే బిళ్ళలన్నీ రాలిపోతాయి. రెండవ వైపున మరొక శక్తి దొరుకుతుంది. మూడవ రోజున మనవడు, “అలిసిపోయినవ్ తాతా, కార్డు తిప్పు” అన్నాడు. ‘అలసట’ అన్న మాట నేను చెప్పినదే. దానిని ‘అలిసిపోయినవ్’ చేసుకున్నది వాడు. వ్యాకరణం పుస్తకం తెరవకుండానే క్రియ కుదిరింది!

ఆ రాత్రి వాడికి కిష్కింధకాండలోని ఋక్షబిలం కథ చెప్పాను. దాహంతో తిరుగుతున్న వానరులు, బిలం నుండి తడిరెక్కలతో వస్తున్న పక్షులను చూసి నీరుందని ఊహించి, ఒకరినొకరు పట్టుకొని చీకట్లోకి దిగుతారు. బయటపడటానికి స్వయంప్రభ సాయం కావలసి వచ్చింది. పిమ్మట సముద్రతీరాన ఎవరెంత దూకగలరో చెప్పుకుంటారు. గజుడు 10 యోజనాలు, సుషేణుడు 80, జాంబవంతుడు 90. అంగదుడు 100 దూకగలడు గాని తిరిగి రాగలడో లేదో తెలియదు. “వాళ్ళ కార్డులా?” అన్నాడు వాడు. కార్డులే. జాంబవంతుడికి వయస్సు మీరింది. దూకవలసినవాడికి వాడి బలాన్ని గుర్తుచేయటమే ఆయన వంతు.

మరునాడు నేలమీద సుద్దతో పులి-మేక గీశాను. మేకలు వాడివి, పులులు నావి. నాలుగు మేకలు పోగానే వాడి ముఖం చిన్నబోయింది. అటుపై గంటసేపు నాతో మాట్లాడలేదు. యంత్రం చేతిలో ఓడినప్పుడు మాలో ఎవరూ ఎవరిపైనా అలగలేదు. అది సుఖమే. కాని ఎదుట ఉన్న మనిషి చేతిలో ఓడి, అలిగి, మళ్ళీ అతని పక్కనే కూర్చొని అన్నం తినటం కూడా పిల్లలకు రావాలి గదా! యంత్రాన్ని పులిగా కూర్చోబెట్టి ఆ పాఠం తప్పించకూడదని నా అభిప్రాయం. సాయంత్రానికి వాడే వచ్చి, “మేకలన్నీ ఒక టీమే కదా తాతా, నేనే సరిగా నిలబెట్టలేదు” అన్నాడు. ఒకే చేతిలో ఉన్న పదిహేను మేకలు కలిసి నిలవటమే ఆ ఆట కిటుకని నేను ఎన్నడూ వాడికి చెప్పలేదు.

ఆట సగంలో ఉండగానే సెలవులు అయిపోయాయి. పెట్టె వాళ్ళతోనే వెళ్ళింది. ఇప్పుడు ఆదివారాలు వాడు బల్ల మీద నా బొమ్మను కూడా నిలిపి, ఫోనులో చూపిస్తూ నా వంతు అడుగుతాడు. ఎటు పోవాలో తెలుగులోనే చెప్పాలని నియమం పెట్టుకున్నాం. కిందటి వారం ‘ఈశాన్యం’ దగ్గర చాలాసేపు ఆగాం.