చిన్న ప్రశ్నలు

కంప్యూటరుచేత పనులు చేయించుకొనుటకై కల్పింపబడిన భాషలలో పైథాను అనునది యొకటి. దానిని నేర్చుకొనువారు ఒకరినొకరు అడుగుకొను ప్రశ్నలు మిక్కిలి చిన్నవి. 5ను 7ను కూడుమనగా 12 రాక 57 వచ్చినదేమి? 1 మొదలు 10 వరకని వ్రాసియుండగా 9తోనే నిలిచిపోయినదేమి? నిన్న నడచిన ప్రోగ్రాము నేడు నడువదేమి? ఇట్టి ప్రశ్నలను విని నవ్వువారు మన విద్యావంతులలో పెక్కండ్రు కలరు. మేము వీనిని కొన్ని యేండ్లుగా బడిపిల్లల నోటను, పగలు కొలువు చేసి రాత్రులు ఈ భాష నేర్చుకొనుచున్న మా పూర్వవిద్యార్థుల నోటను వినుచున్నాము. వినినకొలదిని మాకు దృఢపడిన యభిప్రాయ మేమనగా, వీనిలో వట్టి తెలివితక్కువ ప్రశ్న యొక్కటియు లేదు. తెలివితక్కువతన మెచ్చటనైన నున్నచో ఆ నవ్వులోనే యున్నది.

ఈ భాష పుట్టుకయే సామాన్యుని పక్షమున జరిగినది. నెదర్లాండ్సు దేశమున ఆమ్‌స్టర్‌డాము నగరమందలి యొక పరిశోధనాలయమున పనిచేయుచుండిన గైడో వాన్ రోసమ్ అను నాతడు 1989వ సంవత్సరపు క్రిస్మసు సెలవులలో దీనిని వ్రాయ నారంభించి, 1991 ఫిబ్రవరిలో లోకమునకు విడిచెను. అంతకుముందు ఆ పరిశోధనాలయముననే, ప్రోగ్రాములు వ్రాయుట వృత్తిగా లేనివారికిని సుబోధముగ నుండవలెనని ఏబీసీ అను భాష నిర్మింపబడియుండెను; ఆ పనిలో గైడోయు పాలుగొనెను. ఏ వాక్యము దేనిలోనిదో పంక్తిని లోపలికి జరిపి వ్రాయుటచేతనే తెలియజేయు పద్ధతి పైథానునకు దానినుండి సంక్రమించినదే. పేరు మాత్రము పామును బట్టి వచ్చినది కాదు. మాంటీ పైథాన్ అను ఆంగ్లేయ హాస్యమండలిని బట్టి వచ్చినది. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు కొంత నిరాశ పడుదురు.

పరీక్షల లెక్కనే తీసికొందము. పదవతరగతిలో పెక్కు విషయములందు ఉత్తీర్ణతకు నూటికి 35 మార్కులు రావలెను. రెండు పరీక్షల సగటున 34.5 వచ్చిన బాలుని మార్కును పూర్ణసంఖ్యగా సవరింపుమని పైథానునకు రౌండ్ అను ఆజ్ఞ నిచ్చినచో 35 రాదు, 34 వచ్చును. 35.5 ఇచ్చినచో 36 వచ్చును. ఇది చూచి యంత్రమునకు మతిపోయినదని తలచువారు కలరు. 2008లో వెలువడిన మూడవ పైథాను మొదలు సరిగా సగమునకు వచ్చిన సంఖ్య దగ్గరనున్న సరిసంఖ్యవైపు పోవలెనని నియమము. సగములన్నిటిని పైకే త్రోసినచో పెద్ద పట్టికలలో మొత్తము క్రమముగ పెరిగిపోవును. ఆ దోషమును వారించుటకై యీ యేర్పాటు. ఆ న్యాయము గణకులకు చాలును గాని బడిలో సగము పైకే పోవలెనని మనము అనుకొందుము. యంత్రము తప్పు చేయలేదు. ‘సవరింపుము’ అను మాటకు దాని యర్థమొకటి, మన యర్థమొకటి. అనుభవశాలురైన ప్రోగ్రామర్లు చెప్పు చిట్కా యేమనగా, డెసిమల్ అను భాగమును తెచ్చుకొని సగము పైకి పోవలెనని విస్పష్టముగ వ్రాయవలెను. ఈ చిన్న ప్రశ్న నెవ్వరును అడుగకున్నచో ఒక బాలునకు ఒక సంవత్సరము పోవచ్చును.

మా యూరి బాలిక యొకతె డిగ్రీలో చేరిన యేట, తన తల్లి సభ్యురాలుగ నున్న పొదుపు సంఘపు పద్దులకై చిన్న ప్రోగ్రాము వ్రాయబూనెను. నూరు రూపాయలును ఏబది రూపాయలును వ్రాసి కూడుమనగా 10050 అని తెరపై వచ్చినది. కొలువులో నున్న యొక పరిచితుని ఫోనులో నడుగగా, ఇంతమాత్రము తెలియనివారికి కంప్యూటరు జోలి యెందుకని బదులు వచ్చినది. ఆ పిల్ల ఆ పని కట్టిపెట్టెను. నాలుగు నెలలపాటు తల్లి యెప్పటివలె నోటుపుస్తకమునందే గీతలు గీసికొనెను. అడిగిన ప్రశ్నకు ఉత్తరమో, ఒక్క వాక్యము: ఇన్‌పుట్ అను ఆజ్ఞచేత మనము టైపు చేసినదంతయు అక్షరములుగనే లోనికి పోవును గనుక, ఇంట్ అని చెప్పి దానిని సంఖ్యగా మార్చుకొని పిమ్మట కూడవలెను. అక్షరములను కూడుట యనగా ప్రక్కప్రక్కన పేర్చుట. ఒక్క వాక్యమును పొదుపు చేసినవాడు నాలుగు నెలలను వ్యర్థము చేసెను. చదువరులారా, మనము ధనమును దాచుకొనువానిని పిసినారి యందుము. దీనిని దాచుకొనువానికి ఇంకను పేరు పెట్టలేదు.

ఆ బాలిక తరువాత మా యింటికి వచ్చినను మాతో చెప్పలేదు. వంటయింటిలో మా గృహిణితో, “అమ్మా, ఇది అడిగితే సారు నవ్వరు గదా?” అని మెల్లగా ననెను. ఆడుపిల్ల ప్రశ్న వేయుటకు ముందు ఎదుటివాని ముఖమును చదువుకొనవలసిన స్థితి మన యిండ్లలోనే మొదలగుచున్నది. “పెద్దవాళ్లు మాట్లాడుతుంటే నీకెందుకు” అను మాట మగపిల్లవానికి పదియేండ్లకు నిలిచిపోవును, ఆడుపిల్లకు నిలువదు.

పని మరల మొదలుపెట్టిన వారమునకే ఆమెకు రెండవ చిక్కు వచ్చినది. వడ్డీలెక్కలో 0.1ను 0.2ను కూడి, అది 0.3తో సమానమా యని యడుగగా కాదని పైథాను చెప్పుచున్నది. విడిగా చూపుమనగా 0.30000000000000004 అని చూపుచున్నది. ఈసారి ఆమె నేరుగా మమ్మే అడిగెను. ఒకటిని మూటితో భాగించి దశాంశములలో వ్రాయబోయిన 3లు అంతు లేక సాగునట్లే, ఒకటిని పదితో భాగించి యంత్రము లెక్కించు రెండంకెల పద్ధతిలో వ్రాయబోయిన నదియు అంతు లేక సాగును; ఎక్కడనో త్రుంచవలసియుండును. త్రుంచినచోట మిగిలిన తునుకయే ఆ కడపటి 4. డబ్బు లెక్కలు వ్రాయువారు దీనికి చెప్పు నుపాయము మన పూర్వుల దుకాణపు లెక్కవంటిదే: రూపాయలను మాని అన్నియు పైసలలో, పూర్ణసంఖ్యలుగ వ్రాసికొని, చూపునప్పుడు మాత్రము నూటితో భాగింపవలెను. సంఘపు లెక్క అటుపై పైసకు పైస సరిపోయినది.

ఇక అడుగువారి పక్షమున చెప్పవలసినదియు కలదు. “నా ప్రోగ్రాము పనిచేయుటలేదు” అని మాత్రమే వ్రాసి ఊరకుండువారు, వైద్యుని యొద్దకు పోయి ఒంట్లో బాగులేదని చెప్పి నోరు మూసికొను రోగివంటివారు. ఏమి కావలెనని కోరితిమి, ఏమి వ్రాసితిమి, యంత్రమేమి పలికినది అను నీ మూడును చెప్పనిది ఎట్టి పండితుడును సాయపడజాలడు. కొందరు తెరను ఫోనుతో ఫోటో తీసి పంపుదురు; దానిలో సగము కిటికీ వెలుగు. వ్రాతను వ్రాతగనే పంపినచో ఎదుటివాడు దానిని తన యంత్రముపై నడిపి చూడగలడు. తప్పు వచ్చినప్పుడు తెరపై పది పండ్రెండు పంక్తులు ఒక్కసారిగ పడుటయు, పిల్లలు కోర్టు నోటీసు వచ్చినట్లు బెదరి వానిని చదువకయే తుడిచివేయుటయు మేము తరచుగ చూచుచుందుము. వానిని క్రిందినుండి పైకి చదువవలెను. కడపటి పంక్తిలో తప్పు పేరు, దానిపైని పంక్తులలో తప్పు జరిగిన తావు ఉండును. ఇంతమాత్రము చదివినవారికి సగము ప్రశ్నలు అడుగకయే తీరిపోవును.

మరియొక యలవాటు కలదు. నూరు పంక్తుల ప్రోగ్రామును, తప్పు నిలిచియుండునట్లుగనే కోసి కోసి పది పంక్తులు చేయుట. కోయుచుండగనే తప్పు తానై బయటపడుట పెక్కుసార్లు జరుగును. ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ అనువారు 1999లో ప్రకటించిన ‘ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ అను గ్రంథముచేత, బల్లపై రబ్బరు బాతును పెట్టుకొని దానికి ప్రోగ్రామును పంక్తి పంక్తిగ వివరించి చెప్పు నలవాటు ప్రోగ్రామర్లలో ప్రసిద్ధికెక్కినది. మన యిండ్లలో బాతుబొమ్మ లేకున్నను కూరలు తరుగుచున్న తల్లి యుండును. ఆమెకు పైథాను రాకపోవుటయే యిచట మేలు, ఏలయనగా ఆమెకు ఒక్క మెట్టును దాటవేసి చెప్పుటకు వీలులేదు.

అసలు కోరిక నొకటి దాచి, దానికి తాము కల్పించుకొన్న దారినిగూర్చి మాత్రమే యడుగువారు మరికొందరు. ఒకడు ఫైలు పేరులోని కడపటి మూడక్షరములను తీయు టెట్లని యడుగును. ఎందుకని గ్రుచ్చి యడుగగా, అది ఏ జాతి ఫైలో తెలిసికొనుటకని చెప్పును. జేపీఈజీ అని నాలుగక్షరములున్న ఫైలు వచ్చిననాడు ఆ దారి మూసికొనిపోవును. పాత్‌లిబ్ అను భాగమున సఫిక్స్ అని యడిగిన ఆ పని తానే జరుగును. కావున అడిగినదానికి ఉత్తరము చెప్పుటకు ముందు, ఎందుకడుగుచున్నాడో యని విచారించువాడే మంచి సహాయుడు.

ఉత్తరము చెప్పువారిలో కసరువారిని గూర్చి పైన చెప్పితిమి. వండి వడ్డించువారు రెండవ తెగ. ప్రశ్న రాగానే సిద్ధమైన ప్రోగ్రామును వ్రాసి పంపుదురు. పొందినవాడు దానిని అతికించుకొని, మరునాడు అదే తప్పుతో మరల వచ్చును. మా పూర్వవిద్యార్థి యొకనికి వచ్చిన చిక్కు చెప్పెదము. అతడు వ్రాసిన ఫంక్షను, పేర్లజాబితా ఇయ్యనప్పుడు ఖాళీ జాబితాతో మొదలు కావలెను. రెండవసారి పిలిచినప్పుడు మొదటిసారి చేరిన పేర్లుకూడ వచ్చుచుండెను. అతనితో పనిచేయు నొక యామె దిద్దుబాటు చెప్పక, “మూడుసార్లు వరుసగా పిలిచి ప్రతిసారి ఏమి వచ్చునో కాగితముమీద వ్రాసికొని రండి” అని పంపెను. మూడవసారికి అతనికే తెలిసినది. ఆ ఖాళీ జాబితా పిలిచినప్పుడెల్ల పుట్టునది కాదు. ఫంక్షను నిర్వచింపబడినప్పుడు ఒక్కసారి పుట్టి నిలిచియుండునది. తరగతి కంతటికి ఒక్కటే పలక యుండి, ముందువాడు వ్రాసినదానిని ఎవ్వరును తుడువనట్లన్నమాట. నన్ అని మొదట వ్రాసి, లోపల క్రొత్త జాబితాను కల్పించుకొనుట దీనికి వాడుకలో నున్న చిట్కా. విద్యలో నొక పాలు తోడి విద్యార్థులవలన వచ్చునని సంస్కృతము చదువుకొన్నవారు బాల్యముననే వినియుందురు. ఆ యామె చేసినది ఆ పాలు పంచుట.

ఇప్పుడు మనుష్యుల నడుగుట మాని యంత్రమునే అడుగువారు పెరుగుచున్నారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిననాటినుండి ఈ మార్పు మా బడిలోను కనబడుచున్నది. బాలికలు దాని నిష్టపడుటకు కారణ మడుగగా, అది నవ్వదని యొకతె చెప్పెను. ఆ మాటకు మాకు బదులు తోచలేదు. దాని ఉత్తరములు పెక్కు మంచివే. కాని లేని ఫంక్షను పేరునుకూడ ఉన్నదాని యంత నిబ్బరముగ నది చెప్పును. దానిని పట్టుకొనుటకు ప్రక్కన మరియొక మనుష్యుడు కావలెను. అంతేగాక నడిరేయి ఒంటరిగ నడిగిన ప్రశ్న ఒంటరిగనే తీరిపోవును. నలుగురిలో నడిగిన ప్రశ్నవలన, అదే సందేహము కలిగియు నోరు విప్పని పదుగురు బాగుపడుదురు. భాషయు బాగుపడును. మూయని కుండలీకరణము (బ్రాకెట్టు) ఎక్కడ తెరువబడినదో చెప్పక, మరియొక పంక్తిని తప్పుపట్టుట పైథానునకు చిరకాలపు దోషము. 2021లో వచ్చిన 3.10 కూర్పు, ఈ బ్రాకెట్టు మూయబడలేదని సూటిగా చెప్పుచున్నది. తన ఫైలునకు రాండమ్ అని పేరు పెట్టుకొని, అదే పేరుగల పైథాను భాగమును తానే కప్పివేసికొన్న శిష్యునకు 2024లో వచ్చిన 3.13 కూర్పు, పేరు మార్చుకొమ్మని సూచించుచున్నది. నేర్చుకొనువారు తడబడినచోట్లు పైకి తెలిసినందుననే గదా యిట్టి మార్పులు సాధ్యమైనవి.

మన పిల్లలు మాత్రమే అడుగదగిన ప్రశ్నలును కలవు. ముందునుండి చదివినను వెనుకనుండి చదివినను ఒక్కటిగనే యుండు పదములను గుర్తించుట ఇంగ్లీషు పుస్తకములలో తొలి యభ్యాసములలో నొకటి. పదమును త్రిప్పి వ్రాయుమని, రెండును సమానమా యని అడుగుటతో సరి. తొమ్మిదవతరగతి బాలుడొకడు దానికి తెనాలి రామకృష్ణుని బిరుదమైన ‘వికటకవి’ని ఇచ్చెను. కాదని వచ్చినది. ‘కనక’ ఇచ్చెను, ఔనని వచ్చినది. ‘కిటికి’ కాదట. కారణము విచారింపగా, పైథాను లెక్కించునది మన యక్షరములను కాదు, యూనికోడు సంకేతములను. ‘వి’ అనునది దానికి వకారము, గుడి అని రెండు. ‘తెలుగు’ మూడు గాక ఆరు; ‘స్త్రీ’ ఒకటి గాక ఆరు. త్రిప్పగానే గుడి ముందుకు వచ్చి హల్లు వెనుకబడుచున్నది. గుణింతపు గుర్తు వచ్చినప్పుడు దానిని ముందున్న హల్లునకు చేర్చుము, పొల్లు పిదప వచ్చు హల్లును విడదీయకుము అను రెండు నియమములు చాలునని పిల్లలే తేల్చిరి. ఇవి పెద్దబాలశిక్ష చదివిన ముసలివారికిని తెలిసినవే. పదమును ముందు అక్షరములుగ విరిచి పిమ్మట త్రిప్పినచో వికటకవి వికటకవియే యగును.

అంతలో వెనుక బల్లనుండి యొక బాలిక లేచి, ‘బస్‌లో’ అను మాటలో కంటికి మూడే యక్షరములు కనబడుచుండగా ఈ ప్రోగ్రాము నాలుగని చెప్పుచున్నదేమని యడిగెను. సకారపు పొల్లు, లకారముతో కలిసి ఒత్తుగా మారకుండుటకై నడుమ కంటికి కనబడని సంకేత మొకటి కూర్చుండును. అది గుణింతపు గుర్తు కాదు, హల్లు కాదు. మా రెండు నియమములలో దానికి చోటు లేదు. మూడవ నియమము ఎట్లుండవలెనో యని తరగతి రెండు పక్షములుగ చీలి వాదించుచున్నది. ఆమె ప్రశ్న నల్లబల్ల మూలను సుద్దతో వ్రాసియే యున్నది.