బర్బోజా వేసిన అడుగు

2025 జూలై 10, గురువారం

వచ్చే బుధవారానికి రియోలోని మరకానా స్టేడియంలో బ్రెజిల్ ఉరుగ్వే చేతిలో ప్రపంచకప్ పోగొట్టుకుని 75 ఏళ్లు. ఆనాటి బ్రెజిల్ గోల్‌కీపర్ బర్బోజా గురించి ఎవరు రాసినా 1950 జూలై 16 సాయంత్రం దగ్గరే ఎత్తుకుంటారు, అక్కడే దించేస్తారు. ఆయన ఇరవై ఏళ్ల పాటు గోల్‌లో నిలబడిన మనిషి. ఈసారి పుట్టుక దగ్గర్నుంచీ వరసగా రాసుకుందామని కూర్చున్నాను.

మొవాసిర్ బర్బోజా 1921 మార్చి 27న బ్రెజిల్‌లోని కంపీనాస్‌లో పుట్టాడు. సావో పావ్లోలో ఇపిరంగా జట్టుకు ఆడి, 1945లో రియోకి వెళ్లి వాస్కో ద గామాలో చేరాడు. నల్లజాతి ఆటగాళ్లను, కూలిపని చేసుకునేవాళ్లను జట్టులోంచి తీసెయ్యమంటే 1924లో ఒప్పుకోని క్లబ్బు అది. బర్బోజా చేరిన ఏడాదే వాస్కో రియో రాష్ట్ర చాంపియన్. మళ్లీ 1947లో, 49లో, 50లో, 52లో. ఆ జట్టును జనం 'విజయాల ఎక్స్‌ప్రెస్' అని పిలుచుకున్నారు. ముందు ఎంతమంది గోల్స్ కొట్టినా, వెనక ఆపేవాడు లేకపోతే బండి అన్నేళ్లు నడవదు.

జూలై 12, శనివారం

మనవడు పక్కన కూర్చుని పాత ఫోటోలు చూస్తున్నాడు. "తాతయ్యా, ఈయన చేతులకి గ్లవ్స్ ఏవీ?" అన్నాడు. లేవురా, ఒట్టి చేతుల్తోనే ఆడాడని చెప్పాను. వాడు తన గ్లవ్స్ తెచ్చి నా ఒళ్లో పెట్టి, "మరి నొప్పెట్టదా?" అన్నాడు.

పెడుతుంది. ఆనాటి తోలు బంతి వానలో తడిస్తే ఇటుకలా బరువెక్కేది. కాలేజీ రోజుల్లో నేనూ అలాంటి బంతులే పట్టాను. కుడిచేతి చిటికెనవేలు ఇప్పటికీ పూర్తిగా ముడవదు.

1948 సంగతి రాయాలి. ఆ ఏడాది చిలీ రాజధాని శాంటియాగోలో దక్షిణ అమెరికా చాంపియన్ క్లబ్బులు ఏడు తలపడ్డాయి. అర్జెంటీనా నుంచి వచ్చిన రివర్ ప్లేట్‌లో కుర్ర ఫార్వర్డ్ డి స్టెఫానో ఉన్నాడు. ఆ జట్టుతో వాస్కో 0-0గా డ్రా చేసుకుంది, ఒక్క ఓటమీ లేకుండా కప్పు పట్టుకుపోయింది. ఆ సున్నా గోల్‌కీపర్ సంపాదన. మరుసటి ఏడు దక్షిణ అమెరికా దేశాల పోటీలో బ్రెజిల్ పరాగ్వేను 7-0తో ఓడించి గెలిచింది. అప్పుడూ గోల్‌లో బర్బోజాయే.

జూలై 13, ఆదివారం

1950 ప్రపంచకప్‌లో బ్రెజిల్ ఆరు మ్యాచ్‌లు ఆడింది. మెక్సికో మీద 4-0, స్విట్జర్లాండ్‌తో 2-2, యుగోస్లావియా మీద 2-0, స్వీడన్ మీద 7-1, స్పెయిన్ మీద 6-1, చివరికి ఉరుగ్వే చేతిలో 1-2. వేళ్ల మీద లెక్కేశాను. మొత్తం ఆరు మ్యాచ్‌ల్లో బర్బోజా ఇచ్చిన గోల్స్ ఆరు.

జూలై 15, మంగళవారం రాత్రి

వరసగా రాస్తూ వచ్చినా మరకానాలో పడ్డ ఆ గోల్ దగ్గరికి రాక తప్పలేదు. రానీ. గోల్‌లో నిలబడ్డవాడిగా చెప్పాల్సింది నాకూ ఉంది.

కప్పు గెలవడానికి బ్రెజిల్‌కి డ్రా చాలు. టిక్కెట్టు కొన్నవాళ్లే 1,73,850 మంది. విరామం తర్వాత రెండో నిమిషంలో బ్రెజిల్ తరఫున ఫ్రియాసా గోల్ కొట్టాడు. 66వ నిమిషంలో ఉరుగ్వే వింగర్ గిజ్జా కుడివైపు నుంచి బ్రెజిల్ డిఫెండర్ బిగోజిని దాటుకుని వచ్చి బంతిని లోపలికి పాస్ చేశాడు, స్కియాఫినో దాన్ని గోల్‌లోకి కొట్టాడు. 79వ నిమిషంలో గిజ్జా మళ్లీ అదే దారిన వచ్చాడు. లోపల అతని జట్టువాళ్లు పాస్ కోసం పరుగెత్తుతున్నారు. పాస్‌ని మధ్యలో అందుకుందామని బర్బోజా పోస్టు వదిలి ఒక అడుగు వేశాడు. గిజ్జా పాస్ చెయ్యలేదు. ఆ అడుగు వల్ల పోస్టు పక్కన ఏర్పడిన సందులోకి నేరుగా కొట్టాడు. బంతికి తన చెయ్యి తగిలిందనీ, కార్నర్‌కి పోయిందనే అనుకున్నాననీ బర్బోజా తర్వాత చెప్పాడు.

పదమూడు నిమిషాల కిందట ఆ పాస్‌తోనే గోల్ తిన్నవాడు మళ్లీ పాస్ వస్తుందనుకోక ఏమనుకుంటాడు? పోస్టుకి అతుక్కుని ఉంటే, పాస్ వెళ్లి గోల్ పడితే, కదల్లేదేమని అడిగేవాళ్లు. నేనైతే ఆ అడుగు వేసేవాణ్ని. వేశాను కూడా, కాలేజీ ఫైనల్లో. గోల్ పడింది. మా కెప్టెన్ రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ రెండు నెలలు నాకు ఇంకా గుర్తున్నాయి. ఆయనకు యాభై ఏళ్లు.

జూలై 16, బుధవారం

నింద బర్బోజా మీదా, బిగోజి మీదా, ఇంకో డిఫెండర్ జువెనాల్ మీదా పడింది. ముగ్గురూ నల్లవాళ్లు. నల్లవాణ్ని గోల్‌లో నిలబెట్టకూడదన్న మాట ఆ దేశంలో దశాబ్దాలు తిరిగింది. 2006 ప్రపంచకప్‌లో నల్లజాతి గోల్‌కీపర్ డిడా బ్రెజిల్ గోల్‌లో నిలబడితే పత్రికలు బర్బోజా పేరే ఎత్తాయి. 1970 ప్రాంతంలో ఒక దుకాణంలో ఒకావిడ బర్బోజాని వేలెత్తి చూపి, దేశమంతటినీ ఏడిపించినవాడు ఇతనేనని కొడుకుతో అందట. 1993లో జాతీయ జట్టు శిబిరానికి వెళితే అపశకునమని లోపలికి రానివ్వలేదు. బ్రెజిల్‌లో ఏ నేరానికైనా శిక్ష ముప్పై ఏళ్లు దాటదనీ, తనది యాభైకి వచ్చిందనీ ఆయన చివరి రోజుల్లో అన్నాడు. 2000 ఏప్రిల్ 7న పోయాడు. గోల్ కొట్టిన గిజ్జా సరిగ్గా పదేళ్ల కిందట, ఇదే జూలై 16న పోయాడు.

బర్బోజా మరకానా పాత గోల్‌పోస్టులు తగలబెట్టి ఆ నిప్పు మీద మాంసం కాల్చాడన్న కథ అందరూ చెబుతారు. నేను దాన్ని సాగదీయను.

మనవడికి ఇంకో సంగతి చెప్పాను. ఆ ఓటమి తర్వాత బర్బోజా ఆట మానలేదు. 1953లో కాలు విరిగింది, 54 ప్రపంచకప్ పోయింది. కాలు కుదిరాక రెసీఫె వెళ్లి ఆడాడు, రియోకి తిరిగొచ్చాడు. 1958లో, 37 ఏళ్ల వయసులో, వాస్కోతో మళ్లీ రాష్ట్ర టైటిల్ గెలిచాడు. 1962లో కంపో గ్రాంజీ అనే చిన్న జట్టుకు చివరిసారి గోల్‌లో నిలబడ్డాడు. అప్పటికి ఆయనకు 41 ఏళ్లు.