మైదాన్ గఢీ దర్శనము

పగలు బడిలోఁ బాఠములు చెప్పి, రాత్రివేళ నేను శిష్యురాలనై చదువుచున్న విశ్వవిద్యాలయమును గన్నులారఁ జూడవలెనని, గత వేసవిలో ఢిల్లీకిఁ బోయినపుడు మైదాన్ గఢీకి వెళ్లితిని. సాకేత్ మెట్రో స్టేషనులో దిగి, ఆటోలోఁ గొంతదూరము పోవలెను.

ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము 1985లోఁ బార్లమెంటు శాసనముచే నేర్పడినది. చెట్లును, విశాలమగు బాటలును, కార్యాలయములును గలవు. గంట మ్రోఁగఁగానే తరగతులకుఁ బరుగెత్తు విద్యార్థుల సందడి మాత్రము నాకుఁ గానరాలేదు. మొదట నిరాశ కలిగెను. పిదప, దీని తరగతిగదులు దేశమందలి వంటయిండ్లును, వసారాలును గదా యని తోఁచెను.

ఇచ్చటి విద్యాశాస్త్రపు ఎం.ఏ. చదువును 2 ఏండ్లకుఁ దక్కువగాక, 4 ఏండ్లకు మించక ముగింపవచ్చును. ఇంటివద్ద వ్రాసి పంపు అసైన్‌మెంట్లకు నూటికి 30 వంతులు, తుదిపరీక్షకు 70. పరీక్షలు జూను, డిసెంబరు నెలలలో నేటికి రెండుమాఱులు జరుగును. ఎం.ఇడి. పట్టము దీనికంటె వేఱు. తమకేది కావలయునో ముందే తెలిసికొని చేరుట మేలు.

సోదరీమణులారా! విశ్వవిద్యాలయము గడువు నొసఁగును గాని, తీరిక నొసఁగఁజాలదు. బిడ్డ జ్వరమువలన నా మొదటి పరీక్ష తప్పిపోయినది. రెండవమాఱు మా అత్తగారు రాత్రివంట తామే చూచుకొని, దినమునకు 2 గంటలు నన్నుఁ జదువుకొననిచ్చిరి. ప్రతి యింటివారును ఆపాటి తీరిక కల్పించినచో, చదువు నడుమ మానిన యుపాధ్యాయినులెందఱో మరల పుస్తకము చేపట్టఁగలరు.