రెండు నిమిషాల వీరుడు

నేను వీడియోలు ఎడిట్ చేసి ఫోను ఖర్చు, బస్సు ఖర్చు సంపాదించుకుంటానని మన క్లాసులో కొందరికి తెలుసు. పెళ్ళి వీడియోలా అని అడుగుతారు. కాదు, ఫోనులో ఆటలాడే అబ్బాయిలకి మాంటేజ్‌లు చేసిపెడతాను. గంటలకొద్దీ ఆడిన ఆటలోంచి వాళ్ళు గొప్పగా కాల్చిన ఘట్టాలు మాత్రం ఏరి, పాటకి కలిపి రెండు నిమిషాల్లో చూపించడమన్నమాట.

పోయిన నెల నెల్లూరు నుంచి ఒకబ్బాయి పని ఇచ్చాడు. ఆట బీజీఎంఐ. 2020లో పబ్జీని మన దేశంలో నిషేధించాక, 2021లో దాని స్థానంలో వచ్చింది. వందమంది పారాచూట్లతో ఒక దీవిలో దిగుతారు. నలుగురేసి ఒక జట్టు. చివరిదాకా మిగిలిన జట్టు గెలిచినట్టు. అతను పంపింది మూడు గంటల రికార్డింగు. "అక్కా, కిల్స్ మాత్రం పెట్టు. మాటలన్నీ తీసెయ్" అన్నాడు. (నాకంటే పెద్దవాడే అయ్యుంటాడు. అయినా అక్కే.) రేటు 700 రూపాయలు.

ఈ పనిలో కష్టమంతా తాళంలోనే ఉంది. నిమిషానికి 120 దెబ్బలు పడే పాటయితే అర సెకనుకొక దెబ్బ. నా టైమ్‌లైనులో సెకనుకు 30 ఫ్రేములు, అంటే 15 ఫ్రేములకొక దెబ్బ. తుపాకి పేలిన ఫ్రేము సరిగ్గా దాని మీద పడాలి. రెండు ఫ్రేములు తప్పినా ఏదో తేడా కొడుతుంది. గురి పెట్టేటప్పుడు నిదానం చేసి, పేల్చేటప్పుడు వేగం పెంచుతాం. 60 ఫ్రేములతో రికార్డు చేసిందయితే సగం వేగం దాకా శుభ్రంగా వస్తుంది. ఇంకా సాగదీస్తే లేని ఫ్రేముల్ని సాఫ్ట్‌వేరే ఊహించి నింపుతుంది, తుపాకి అంచులు జెల్లీలా వణుకుతాయి. నాకు నచ్చదు గానీ క్లయింట్లకి భలే ఇష్టం.

మాటలు తీసెయ్యాలన్నా, కాల్పులు ఎక్కడున్నాయో తెలియాలంటే మొత్తం వినాల్సిందే. రెండో గంటలో ఒకచోట ఇతను దెబ్బ తిని మోకాళ్ళ మీద పాకుతున్నాడు. జట్టులో ఇంకో అబ్బాయి గొంతు వినిపించింది: "రేయ్, కదలబాక. స్మోక్ ఏశా. వస్తండా."

అక్కడ ఆపేశాను. అది మా అవ్వ మాట. నాయన వైపు వాళ్ళు మూడు తరాల కిందట నెల్లూరు జిల్లా నుంచి మద్రాసొచ్చారు. అమ్మది తమిళం. "ఎండలో పోబాక" అని నాతో అనేది అవ్వ ఒక్కతే. అమ్మ "పోగాదే" అంటుంది, నేను పరీక్షలో "వెళ్ళవద్దు" అని రాస్తాను. తుపాకుల మధ్య ఆ "బాక" వినబడుతుందని అనుకోలేదు.

ఆ అబ్బాయి పొగలోంచి వచ్చి, కూర్చుని ఇతన్ని లేపాడు. లేపుతుండగానే అతనికి తూటాలు తగిలాయి, కాసేపటికి పోయాడు. లేచినవాడు వరసగా నలుగుర్ని కాల్చాడు. మొత్తం మూడు గంటల్లో మంచి ఘట్టం అదే. మాంటేజ్‌లో అది మొదలయ్యేది మాత్రం లేచాకే.

విరాటపర్వంలో ఉత్తరుడు గుర్తొచ్చాడు. ఆవుల్ని మళ్ళించింది బృహన్నల, ఊళ్ళో జేజేలు ఉత్తరుడికి. ఆ మాట ఎత్తినందుకు కంకుభట్టుకి పాచికల దెబ్బ. ఉత్తరుడయినా తర్వాత, గెలిచింది నేను కాదని తండ్రితో చెప్పాడు. నా క్లయింటు నిజంగానే బాగా కాలుస్తాడు, అది కాదనను. కానీ కాల్చడం అన్ని మాంటేజ్‌లలోనూ ఒకేలా ఉంటుంది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

ఫోన్ చేసి, ముందు ఆరు సెకన్లు ఉంచుదామన్నాను.

"నేను కింద పడి పాకతా ఉంటే ఎవరు చూస్తారక్కా? పరువు పోద్ది."

"ఆ అబ్బాయెవరు?"

"మా పక్కింటోడే. వాడికి గురి రాదు. ఎప్పుడూ సపోర్టే ఆడతాడు."

వీడియో అతనిది, డబ్బు అతనిది. తీసేశాను. ఆరు సెకన్లున్న రెండో కాపీ కూడా ఊరికే చేసి పంపాను. అతను మొదటిదే పెట్టుకున్నాడు, రెండోదాని గురించి ఏమీ అనలేదు. డబ్బు మాత్రం ఆ రాత్రే వేశాడు.

నేను అతని ఫైళ్ళన్నీ తీసేసి ఆ ముక్క మాత్రం ఉంచుకున్నాను. మొన్న ఇయర్‌ఫోను లేకుండా పెట్టుకుంటే, పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అవ్వ తలెత్తింది.

"ఎవురే ఆ పిలగాడు, మనూరి మాట మాట్లాడతండాడు?"

"ఆటవ్వా. ఫ్రెండు పడిపోతే లేపతండాడు."

"లేసినాడా?"

"లేసినాడవ్వా."

"మరి లేపినోడు?"