వెనక్కు తిరిగిన ఫిరంగులు

పిల్లలూ, సింగపూరుకు దక్షిణాన సెంటోసా అనే చిన్న దీవి ఉన్నది. దాని పడమటి కొసన, ఓడలు రేవుకు వచ్చే దారిమీద, సిలోసో కోట ఉన్నది. కోట అనగానే బురుజులూ, అగడ్తా ఊహించుకోకండి. ఇక్కడివి ఫిరంగి దిమ్మెలూ, మందుగుండు దాచే సొరంగాలూను! శత్రువు ఓడలమీద వస్తాడని ఇంగ్లీషువారు 1870-80 ప్రాంతంలో దీన్ని కట్టారు.

తీరా రెండవ ప్రపంచయుద్ధంలో జపానువారు ఎలా వచ్చారో తెలుసా? 1941 డిసెంబరులో మలయా ఉత్తరభాగాన దిగి, చాలామంది సైకిళ్ళమీద దక్షిణానికి వచ్చిపడ్డారు. 1942 ఫిబ్రవరి 8 రాత్రి పడవలమీద జలసంధి దాటి, కోటకు వెనకవైపున సింగపూరులో అడుగుపెట్టారు.

సింగపూరు ఫిరంగులు వెనక్కు తిరగలేకపోయాయని పెద్దవాళ్ళు కూడా చెబుతూంటారు. అది నిజం కాదు. సిలోసో ఫిరంగులు నేలవైపు తిరిగాయి, పేలాయి కూడా. చిక్కల్లా గుండ్లతోనే. వాటిలో చాలాభాగం ఓడల దళసరి ఉక్కును చీల్చుకుని, లోపలికి పోయి పేలేందుకు చేసినవి. మెత్తటి నేలమీద పడితే అవి మట్టిలో దిగబడేవి. చెదిరి నడిచే సైనికులకు వాటివల్ల పెద్ద దెబ్బ తగలలేదు. ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది.

ఆనాడు ఈ దీవి పేరు బ్లాకాంగ్ మాటీ. మలయా భాషలో బ్లాకాంగ్ అంటే వెనక, మాటీ అంటే చావు. 1970 దశకంలో పేరు మార్చారు. సెంటోసా అన్నది మరేమీ కాదు, సంస్కృతం నుంచి వెళ్ళిన మన ‘సంతోషం’ మాటే.