‘లూడ్’ అన్న మాట

మాటలకు కూడా మనుషులకు వలెనే పుట్టుక, పెంపకం, పతనం ఉంటాయని మా ఆంగ్లోపన్యాసకులు తరచు చెప్పేవారు. మేము విని ఊరుకునేవాళ్ళం. ఒకనాడు వారు ‘లూడ్’ అనే పదాన్ని నల్లబల్లపై వ్రాయగానే వెనుక బెంచీలలో ముసిముసి నవ్వులు బయలుదేరాయి. అసభ్యుడు, కాముకచేష్టలు గలవాడు అనే అర్థాన్నే నేటి వాడుకలో ఆ పదం ఇస్తుంది. నవ్వినవారిలో మేమిద్దరు అన్నదమ్ములమూ ఉన్నాము. మాలో పెద్దవాడు ఒక ఏడు వెనుకబడినందువల్ల ఇద్దరమూ ఒకే తరగతిలో ఉండేవాళ్ళం; ఆ కథ ఇక్కడ అప్రస్తుతం.

నవ్వు సద్దుమణిగిన తరువాత వారు చెప్పిన సంగతి విని మేము కొంత తబ్బిబ్బు పడ్డాము. ప్రాచీన ఆంగ్లంలో ఆ పదానికి చర్చిలో దీక్ష పుచ్చుకోని సామాన్యగృహస్థు అని మాత్రమే అర్థమట. అందులో నింద లేదు. అయితే ఆ కాలంలో చదువు చాలామేరకు చర్చివారి చేతిలోనే ఉండేది గనుక, దీక్ష లేనివాడంటే చదువు రానివాడని అర్థం స్థిరపడింది. పద్నాలుగవ శతాబ్దంలో చాసర్ మహాకవి ఈ మాటను చదువులేని సామాన్యుడు అనే అర్థంలో వాడాడు. ఆ తరువాత చదువు రానివాడు మోటువాడయ్యాడు, మోటువాడు దుష్టుడయ్యాడు. 1611 నాటి ఆంగ్ల బైబిలులో, అపొస్తలుల కార్యములు పదిహేడవ అధ్యాయంలో, థెస్సలొనీక పట్టణపు వీధులలో తిరిగే అల్లరిమూకకు ఈ విశేషణాన్నే తగిలించారు. అక్కడ దుర్మార్గులని మాత్రమే భావం. కాముకత్వపు అర్థం చాసర్ నాటికే తొంగిచూసినా, క్రమంగా తక్కినవాటినన్నిటినీ వెళ్ళగొట్టి అదొక్కటే ఇల్లంతా ఆక్రమించింది.

ఈ మాటకు ఎదురుగా నిలిచిన మాట ఏదో తెలుసునా? మనమందరమూ ఎరిగిన ‘క్లర్కు’. ఆనాడు క్లర్కు అంటే దీక్షితుడైన మతాధికారి, అందువల్లనే చదువరి. ఈ భేదం కేవలం గౌరవానికి సంబంధించినది కాదు, ప్రాణానికి సంబంధించినది. నేరం చేసిన మతాధికారి రాజు న్యాయస్థానం నుండి తప్పించుకొని చర్చి విచారణకు పోవచ్చునని ఇంగ్లండులో ఒక ఆచారం ఉండేది. రానురాను చదవగలగటమే మతాధికారి అనడానికి నిదర్శనమైపోయింది. సాధారణంగా కీర్తనలలో యాభై ఒకటవ దాని మొదటి వాక్యాన్ని చదివించేవారు. చదివినవాడి మెడ దక్కుతుంది గనుక జనం దానిని మెడవాక్యమని పిలిచారు. 1598లో ద్వంద్వయుద్ధంలో ఒక నటుణ్ణి చంపిన నాటకకర్త బెన్ జాన్సన్ ఈ విధంగానే ఉరికంబం తప్పించుకున్నాడు. మరొకసారి ఆ సౌకర్యం కోరకుండా గుర్తుగా ఆయన బొటనవేలిపై వాత పెట్టారు. చదివించే పరీక్ష 1706లోనూ, ఆ ఆచారం మొత్తం 1827లోనూ రద్దయ్యాయి.

బొటనవేలు అనగానే మా ఇద్దరికీ నవ్వు పూర్తిగా ఆగిపోయింది.

అంతకు కొన్ని వారాల ముందు ఉపకారవేతనపు దరఖాస్తుపై సంతకం కోసం మా అబ్బాజాన్‌ను ఒక కార్యాలయానికి తీసుకొనిపోయాము. వారు దర్జీపని చేస్తారు. అంకెలు వస్తాయి, అక్షరాలు రావు. కిటికీ అవతలి గుమాస్తా స్టాంపు ప్యాడు ముందుకు త్రోసి, “పిల్లలు కాలేజీ, తండ్రి వేలిముద్ర. సిగ్గుగా లేదా పెద్దాయనా?” అన్నాడు. వరుసలో ఉన్నవారు నవ్వారు. అబ్బాజాన్ ఏమీ అనలేదు. ముద్ర వేసి, వేలిని తల వెంట్రుకలకు తుడుచుకున్నారు. మేమిద్దరం మాత్రం, ఒకరితో ఒకరు చెప్పుకోకుండానే, ఒక్కొక్క అడుగు వెనుకకు వేశాము. ఆయన మా తండ్రి కానట్లు నిలబడ్డాము.

లూడ్ ఎవరో, క్లర్కు ఎవరో ఆనాడు మాకు తెలియదు. చదువు రానివాడు సిగ్గుమాలినవాడు ఎట్లా అయ్యాడని ఉపన్యాసకులను అడిగితే, “కలం ఎవరి చేతిలో ఉన్నదో చూడండి” అన్నారు. ఇది ఆంగ్లేయులకే చెల్లిన పాపం కాదు. గ్రామ్యమంటే గ్రామానికి చెందినది; మన ఆలంకారికులు దానిని కావ్యదోషంగా లెక్కించి, అశ్లీలాన్ని కూడా ఆ పేరుతోనే పిలిచారు. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాషకోసం పోరాడిన రోజులలో ఎదుటి పక్షంవారు విసిరిన నింద కూడా గ్రామ్యమన్నదే. అరబ్బీలో పరదేశి అనే అర్థం గల ‘గరీబ్’ ఉర్దూలో బీదవాడైపోయింది. ‘అజీబో గరీబ్’ అన్నప్పుడు మాత్రం పాత వాసన కొంచెం తగులుతుంది.

ఆ రాత్రి మేము గ్రంథాలయం నుండి తెచ్చిన నిఘంటువును ముందు పెట్టుకొని కూర్చున్నాము. అబ్బాజాన్ కుట్టుమిషను దగ్గర గుండీలు కుడుతున్నారు. “ఏం వెతుకుతున్నారు బేటా?” అని అడిగారు. ఒక ఇంగ్లీషు మాట అన్నాము. అర్థమేమిటన్నారు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకొని, పాత అర్థమే చెప్పాము: పూజారి కానివాడు, మామూలు మనిషి.

“అయితే నాలాంటివాడే అన్నమాట” అని, దీపం దగ్గరకు జరిగి సూదిలో దారం ఎక్కించమని మా చేతికి ఇచ్చారు.